స్థాలీపులాకం

అన్నం ఉడికిందో లేదో తెలుసుకోవడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలునంటారు పెద్దలు. దీనినే స్థాలీపులాక న్యాయం అంటారు. అయితే కుండలోని మెతుకులన్నింటికీ వేడి ఒకే తీరుగా తగిలినప్పుడే ఆ న్యాయం చెల్లుతుంది. జంతువులపై జరిపే ప్రయోగాలకూ ఇదే నియమం వర్తిస్తుంది. హైదరాబాదు చరిత్రే ఇందుకు సాక్ష్యం.

పంతొమ్మిదవ శతాబ్దిలో శస్త్రచికిత్స సమయంలో రోగికి క్లోరోఫాం ఇచ్చేవారు. దానిని పీల్చిన కొందరు హఠాత్తుగా మరణించేవారు. ముందుగా ఆగేది శ్వాసా లేక గుండెయా అనేది నాటి వైద్యుల వివాదం. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ పోషణలో, హైదరాబాదు వైద్య పాఠశాల అధిపతి ఎడ్వర్డ్ లారీ 1888లో ఒక సంఘం ద్వారా కుక్కలపై ప్రయోగాలు జరిపించాడు. ఆ ఫలితాలను లండన్‌లోని ‘లాన్సెట్’ పత్రిక శంకించింది. అప్పుడు నిజాం 1000 పౌండ్లు సమకూర్చగా, 1889లో ఆ పత్రిక ప్రతినిధిగా లాడర్ బ్రంటన్ హైదరాబాదు వచ్చాడు. ఈ రెండవ సంఘం వందలాది జంతువులను పరీక్షించి, ముందుగా ఆగేది శ్వాసేనని తీర్మానించింది. శ్వాసను కనిపెట్టి ఉంటే చాలునని లారీ బోధించాడు. అయినా శస్త్రచికిత్సశాలల్లో హఠాన్మరణాలు ఆగలేదు.

1911లో గుడ్‌మన్ లెవీ పిల్లులపై ప్రయోగించి మరొక సత్యాన్ని చూపాడు. స్వల్పమైన మత్తులో ఉన్నప్పుడు, దేహం ఉద్రేకానికి లోనైతే గుండె లయ తప్పి నిలిచిపోగలదు. హైదరాబాదు ప్రయోగాలలో అధిక భాగం మత్తును మితిమీరి ఇచ్చి చేసినవి. అక్కడ చూసిన మెతుకులు అనేకం, కాని అన్నీ కుండలో ఒక పక్కవే.

నేటి పరిశోధకులు ఈ పాఠాన్ని మరువరాదు. ఎలుకల భయాన్ని, జ్ఞాపకశక్తిని పరీక్షించి మానవుల ఔషధాలను నిర్ణయించే కాలమిది. తోక పట్టి ఎత్తిన చిట్టెలుక, దోసిట ఎత్తిన దానికంటె ఎక్కువగా బెదురుతుందని 2010లో వెలువడిన పరిశోధన నిరూపించింది. బెదరిన ప్రాణి ప్రవర్తనలో ఔషధ గుణమెంతో, పట్టిన చేతి దోషమెంతో వేరుచేయడం కష్టం. కాబట్టి సంఖ్యను పెంచినంత మాత్రాన సత్యం చేకూరదు. ఏ జంతువుకు ఏ మందు ఇవ్వాలో చీటీ తీసి నిర్ణయించాలి. ఏది ఏ మందు పొందినదో ఫలితం నమోదు చేసేవారికి తెలియరాదు. ప్రతి ప్రాణినీ ఒకే తీరున, మృదువుగా పట్టుకోవాలి.

నోరులేని జీవిపట్ల దయ, సత్యంపట్ల నిష్ఠ వేర్వేరు ధర్మాలని కొందరి భావన. ప్రయోగశాలలో అవి రెండూ ఒకటే. లోపభూయిష్టమైన పరీక్షలో జంతువు ప్రాణం వ్యర్థమవుతుంది. దానిని నమ్మిన రోగి ప్రాణానికీ రక్షణ ఉండదు.