కంపచెట్లకీ పేర్లున్నాయి

మన సాఫ్ట్‌వేర్ జనాలకి ఈమధ్య నడక పిచ్చి బాగానే పట్టింది. మంచిదే. రోజంతా కుర్చీలో కూర్చుని నడుములు పట్టేసినవాళ్ళం, ఆ మాత్రం నడవకపోతే ఎలా? నా పేచీ నడక మీద కాదు. అమెరికాలో ముళ్ళపొద కనబడితే ఆగి, ఫోటో తీసి, పేరు కనుక్కుని, ఇక్కడ అలాంటి పొదే కనబడితే "ఏముందిక్కడ, అంతా కంప" అని ముందుకెళ్ళిపోయే మన బుద్ధి మీద.

కాలిఫోర్నియాలో ఉన్నవాళ్ళకి పసిఫిక్ క్రెస్ట్ ట్రెయిల్ గురించి చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా. మెక్సికో సరిహద్దులో కాంపో అనే చిన్న ఊరి దగ్గర మొదలై కెనడా దాకా 2,650 మైళ్ళు, అంటే సుమారు 4,265 కిలోమీటర్ల కాలిబాట. 1968లో చట్టం చేసి మరీ దీన్ని జాతీయ కాలిబాటల్లో చేర్చారు. మొత్తం నడవాలంటే అయిదారు నెలలు కావాలి. హెచ్1బి మీద ఉన్నవాడికి అన్ని సెలవులు ఎవరిస్తారు చెప్పండి! అందుకని వారాంతాల్లో ముక్కలు ముక్కలుగా నడవటమే మనకి కుదిరేది.

ఆ దారిలో మొదటి 700 మైళ్ళు దక్షిణ కాలిఫోర్నియా. అందులో చాలా భాగం మనం పోస్టర్లలో చూసే దేవదారు అడవులు కావు. నడుమెత్తు, తలెత్తు పొదలు... చమీస్, మాంజనీటా, సియనోథస్. ఇలాంటి పొదల నేలని అక్కడ చాపరాల్ అంటారు. మొజావీ ఎడారి వైపు దిగితే క్రియోసోట్ పొదలు, జాషువా చెట్లు. అక్కడివాళ్ళు ఈ పొదల కథలు చెప్తుంటే వినాలనిపిస్తుంది. కొన్ని సియనోథస్ జాతుల గింజలు మంట వేడి తగిలితేగానీ మొలకెత్తవట. అదే మంటలు మరీ తొందర తొందరగా వస్తే, కొత్త మొక్క గింజకట్టే లోపే కాలిపోయి ఆ చోటుని బయటినుంచి వచ్చిన గడ్డి ఆక్రమించేస్తుంది. అంటే అది ఖాళీ నేల కాదు, దానికో లెక్కుంది, పద్ధతుంది అని అక్కడ నడిచే మామూలు మనిషికి కూడా తెలుసు.

ఇప్పుడు మన సంగతికొద్దాం. నేనుండేది బషీర్‌బాగ్. పేరులో బాగ్ ఉంది. ఒకప్పుడు నవాబు బషీరుద్దౌలాగారి ప్యాలెస్సు, తోటా ఉండేవి కాబట్టి ఆ పేరు. ఇప్పుడు ప్యాలెస్సూ లేదు, తోటా లేదు, ఫ్లయ్‌ఓవర్ ఉంది. అటు చిక్కడపల్లి, ఇటు నారాయణగూడ ఎంత తిరిగినా ఈ ఊరి అసలు నేల ఎలా ఉండేదో తెలియదు. తెలుసుకోవాలంటే ఖాజాగూడ గుట్టలకో, కేబీఆర్ పార్కుకో వెళ్ళాలి. రెండువందల యాభై కోట్ల ఏళ్ళనాటి గ్రానైటు బండలు, వాటి సందుల్లో తంగేడు, రేగు, పరికి, బలుసు, కలివి, మోదుగ. ఇదీ మన చాపరాల్. వానాకాలం నాలుగు నెలలు పచ్చగా ఉండి, ఎండాకాలం చచ్చిపోయినట్టు కనబడి, మళ్ళీ తొలకరికి లేచి కూర్చుంటుంది.

అశోక్ నగర్‌లో గ్రూప్ వన్ కోచింగ్ తీసుకునే ఏ కుర్రాణ్ణయినా తెలంగాణ రాష్ట్ర పుష్పం ఏదంటే "తంగేడు" అని ఠక్కున చెప్తాడు. బతుకమ్మకి తంగేడు లేనిదే కుదరదు. తోళ్ళు ఊనటానికి దాని బెరడు తరతరాలుగా వాడారు. సరే, ఆ తంగేడు పెరిగే నేలని ఏమంటారు? బీడు! ఇది మన నోటిమాట మాత్రమే కాదు. బాలానగర్‌లో ఉన్న మన రిమోట్ సెన్సింగ్ సంస్థ ఉపగ్రహ చిత్రాలతో కేంద్రానికి "వేస్ట్‌లాండ్స్ అట్లాస్" తయారు చేసి పెడుతుంది. మొదటిది 2000లో వచ్చింది. 2019 దానిలో కూడా దట్టమైన పొదలున్న భూమి, పలుచటి పొదలున్న భూమి రెండూ వేస్ట్‌లాండ్ కిందే లెక్క. పువ్వుకి రాష్ట్ర హోదా, అది పూసే నేలకి "వృథా" అని ముద్ర. డేటాబేస్ మనుషులం కదా, మనకి తెలియాలి. కాలమ్‌కి తప్పు పేరు పెడితే, దాన్ని నమ్మి రాసే ప్రతి క్వెరీ తప్పు జవాబే ఇస్తుంది.

పేరు ఎంత పని చేస్తుందో చెప్పటానికి కడప జిల్లా కథ ఒకటి చాలు. కలివి పొదల్లో తిరిగే చిన్న పక్షిని అక్కడివాళ్ళు కలివికోడి అంటారు. 1900 తర్వాత ఎవరికీ కనబడకపోవటంతో శాస్త్రవేత్తలు అది అంతరించిపోయిందనుకున్నారు. 1986లో స్థానికుల సాయంతోనే లంకమల దగ్గర మళ్ళీ దొరికింది. దానికి దట్టమైన అడవి అక్కర్లేదు, చదును చేసిన పొలమూ అక్కర్లేదు. మధ్యమధ్య ఖాళీలున్న ముళ్ళపొదలే కావాలి. అంటే అట్లాస్ ప్రకారం "వృథా భూమే" దాని ఇల్లు! తర్వాత తెలుగుగంగ కాలువ ఆ పొదల మీదుగా వెళ్ళబోతే గొడవై, చివరికి కాలువ దారి మార్చాల్సి వచ్చింది. పక్షికి పేరుంది కాబట్టి, దాని పేరులో పొద పేరు కూడా ఉంది కాబట్టి, అడగటానికి ఒక ఆధారం దొరికింది.

అలాగని ముల్లు కనబడిన ప్రతిదానికీ దణ్ణం పెట్టమనటం లేదు. సర్కారు తుమ్మ సంగతి చూడండి. అది మనది కాదు, అమెరికా ఖండం నుంచి వచ్చింది. 1877లో ఇదే కడప జిల్లా కమలాపురంలో గింజలు నాటించారు. ఇవాళ చెరువుగట్లూ, బీళ్ళూ, పశువుల మేతభూములూ కమ్మేసింది. నాగజెముడూ అమెరికా నుంచి వచ్చిందే. బందారు మాత్రం మన గుట్టల మీదా, అరిజోనా ఎడారిలోనూ రెండు చోట్లా సొంత మొక్కే! ఏది మనది, ఏది వలస వచ్చింది, ఏది కాపాడాలి, ఏది పీకాలి అని తేల్చాలంటే ముందు పేర్లు తెలియాలి కదా. అన్నిటినీ కలిపి "కంప" అనేవాడికి అన్నీ ఒకటే. అలాంటివాడే రేపు ఆ పొదలన్నీ కొట్టేసి వరసగా ఒకే జాతి మొక్కలు నాటి, పచ్చదనం పెంచామని బోర్డు పెడతాడు.

ఇక మనకి బాగా దగ్గరి విషయం. 2025లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల గొడవ అందరికీ గుర్తుండే ఉంటుంది. ఐటీ పార్కు కోసమని ప్రభుత్వం బుల్డోజర్లు దింపింది, విద్యార్థులు అడ్డుపడ్డారు, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్లు కొట్టడం ఆపమంది. అది అడవి కాదు అన్నది ప్రభుత్వ వాదన. నాకు అసలు ఆ ప్రశ్నే చిత్రంగా అనిపించింది. అడవి అయితే ఉంచాలి, కాకపోతే ఖాళీ... మధ్యలో ఇంకేమీ లేదా? దాని పేరే కంచ. పొదలూ, గడ్డీ, బండలూ, పశువుల మేతా కలిసిన నేలకి మన పెద్దలు పెట్టిన మాట అది. మాట మనదే, అర్థం మాత్రం మనకే పట్టలేదు.

"నువ్వు పనిచేసే ఆఫీసూ అలాంటి గుట్టల్ని పేల్చి కట్టిందే కదా" అంటారు. నిజమే. ఉద్యోగాలు కావాలి, భవనాలు కావాలి. ఒక్క రాయీ కదపొద్దని నేననను. ఇవ్వాల్సొస్తే ఏమిస్తున్నామో తెలిసి ఇద్దాం. "అక్కడేమీ లేదు" అని అబద్ధం చెప్పి ఇవ్వొద్దు, అంతే.

ఇంతా చేసి సుదూర నడక మనకి కొత్తేమీ కాదు. ప్రతి ఏడూ ఉగాదికి కర్ణాటక నుంచి వేలమంది భక్తులు శ్రీశైలానికి కాలినడకన వస్తారు. వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను, కైలాసద్వారం మీదుగా నల్లమలలో నడక. ఆ ఎండలో వాళ్ళకి ఏ చెట్టు నీడ ఆగటానికి పనికొస్తుందో, ఎక్కడ నీళ్ళుంటాయో గైడ్‌బుక్ లేకుండానే తెలుసు. మనకి అంత భక్తి లేకపోయినా అంత చూపు ఉంటే చాలు. హైదరాబాదులో 1996 నుంచి సొసైటీ టు సేవ్ రాక్స్ వాళ్ళు బండల మధ్య నడకలు పెడుతున్నారు, వాటితో మొదలెట్టొచ్చు. లేదా ఫోనులో స్టెప్పులు లెక్కపెట్టుకునే ఆదివారాల్లో ఒకదాన్ని మొక్కలకి కేటాయించండి. 1852 నాటి బ్రౌన్ నిఘంటువులోనే మన మొక్కలు ఎన్నిటికో తెలుగు పేరు పక్కనే లాటిన్ పేరు ఉంది. గొర్రెలు కాసే పెద్దాయన కనబడితే ఆయన్ని అడగండి, ఇంకా బాగా చెప్తాడు.

నెలకో రెండు చొప్పున ఏడాదికి పాతిక పేర్లు. కొత్త ఫ్రేమ్‌వర్క్ నేర్చుకోవటం కన్నా తేలికే. తర్వాత ఎప్పుడైనా ఎవరైనా వెంచర్ బ్రోషర్ చూపించి "ఖాళీ స్థలం సార్" అంటే, అక్కడ ఏముండేదో చెప్పటానికి మన దగ్గర ఓ పాతిక మాటలైనా ఉంటాయి. ఏమంటారు?