ఫార్మాట్ ఆఖరి మాట

హార్డ్‌వేర్ సపోర్ట్ ఇంటర్వ్యూకి వెళ్తున్నారా? 1984 నాటి ఐబీఎం పీసీ ఏటీ ఒక మంచి పాఠం చెబుతుంది. ఆన్ చేస్తే స్క్రీన్‌పై 161 అని వస్తుంది, హార్డ్‌డిస్క్ నుంచి బూట్ కాదు. డిస్క్ పోయిందని తేల్చేయకండి. సెట్టింగులు నిలవలేదని ఆ అంకెకు అర్థం. కారణం చాలాసార్లు చిన్న బ్యాటరీయే. అది అయిపోతే సీమాస్‌లో ఉన్న డ్రైవ్ టైప్ నంబరు చెరిగిపోతుంది. డిస్క్ బాగానే ఉన్నా కంప్యూటర్ దాన్ని గుర్తించదు.

బ్యాటరీ మార్చి, సెటప్ ఫ్లాపీతో సరైన నంబరు ఇచ్చి చూడాలి. అప్పటికీ లేవకపోతే కేబుళ్లు, పవర్, డిస్క్ తిరుగుతున్న చప్పుడు వరసగా పరీక్షించాలి. తొందరపడి ఫార్మాట్ కొడితే ఎవరి లెక్కలో, ఎవరి ఫొటోలో పోయినట్టే.

‘సిస్టమ్ బూట్ కావట్లేదు, ముందు ఏం చేస్తారు?’ అని అడిగితే ఈ వరసే చెప్పండి. డేటాకు హాని చేయని పనితో మొదలుపెట్టేవాళ్లకే ఎవరైనా తమ మెషీన్ అప్పగిస్తారు.