మాస్కు తెరిచి చూడండి

ఫోటోషాప్‌లో మాస్కు అనేదొకటి ఉందని తెలిసినవాళ్ళు బోలెడుమంది. దాన్ని ఒక్కసారైనా విడిగా తెరిచి చూసినవాళ్ళు నాకు తెలిసి బహు తక్కువ. ఒక్క బటన్ నొక్కితే మనిషి చుట్టూ ఉన్న గోడా, ప్లాస్టిక్ కుర్చీలూ, వెనకాల ప్లేటు పట్టుకుని తింటున్న బావగారూ అన్నీ మాయమైపోతుంటే ఇంకా చూడ్డానికేముంది అనిపించడం సహజమే. నేనైతే చూడాల్సిన పని అక్కడే మొదలవుతుందంటాను.

ప్రొఫైల్ ఫోటోల గురించో, పుట్టినరోజు ఫ్లెక్సీల గురించో కాదు నా గోల. వాటిల్లో చెవి కాస్త తెగిపోయినా కొంప మునిగేదేం లేదు. ఇక్కడ శాన్ రామన్‌లో నాకు ఏడాదికి మూడు నాలుగుసార్లు ఒకే రకం ఫోను వస్తుంది. ఊళ్ళో అమ్మో నాన్నో పోయారు, పెద్దకర్మకి ఫోటో పెట్టాలి, మీకు ఫోటోషాప్ వచ్చు కదండీ అని. ఆ వెనకే వాట్సాప్‌లో ఒక గ్రూపు ఫోటో. పెళ్ళి ఆల్బమ్ పేజీ మీద ఫోను పెట్టి తీసింది, పైన ట్యూబ్‌లైటు మెరుపుతో సహా. అక్కడ తెల్లారేలోపు ప్రింటు షాపుకి వెళ్ళాలి.

గ్రూపు ఫోటోనే ఎందుకంటే, మన అమ్మల తరంలో చాలామందికి ఒంటరిగా తీయించుకున్న ఫోటోలే ఉండవు. ఆధార్ కార్డు మీద ఒకటుంటుంది, దాన్ని సొంత పిల్లలే గుర్తుపట్టరు. అమెరికా వీసాకి తీయించింది ఇంకోటి, కళ్ళజోడు తీయించి, నవ్వొద్దని బెదిరించి తీసింది. ఆవిడ ఆవిడలా ఉన్న ఫోటో ఏ మేనకోడలి పెళ్ళిలోనో, ఏ గృహప్రవేశంలోనో, పదిమంది మధ్యలో, ఎవరి భుజం వెనకో ఉంటుంది. అందులోంచి ఆవిడ ఒక్కదాన్నీ బయటికి తీయాలి. ఆ తర్వాత గోడ మీద దండతో ఉండబోయే మొహం అదే. మనవలకి నాయనమ్మంటే ఇక ఆ ఫోటోనే.

మాస్కంటే బ్రహ్మపదార్థమేమీ కాదు. మన ఫోటో అంత సైజులోనే ఉండే ఇంకో బొమ్మ. రంగులుండవు, మామూలు 8 బిట్ ఫైల్లో నలుపు నుంచి తెలుపు దాకా 256 మెట్లుంటాయి. తెల్లగా ఉన్నచోట కింద ఉన్న ఫోటో కనపడుతుంది, నల్లగా ఉన్నచోట కనపడదు, బూడిదరంగున్న చోట పల్చగా కనపడుతుంది. ఇరేజర్‌తో చెరిపిన పిక్సెల్ ఫైలు సేవ్ చేసి మూసేశాక పోయినట్టే. మాస్కు వేస్తే ఏదీ ఎక్కడికీ పోదు, తెర వెనక నిలబడుతుంది, అంతే. అడోబీ వాళ్ళు (మాకు 680 మీద దక్షిణానికి వెళ్తే శాన్ హోసేలో తగులుతారు) 1994లో తెచ్చిన ఫోటోషాప్ మూడో వెర్షన్‌లో లేయర్లు వచ్చాయి. ముప్ఫై ఏళ్ళు దాటినా ఇప్పటికీ మాస్కు వెయ్యకుండా ఇరేజర్‌తో గీకేవాళ్ళని చూస్తే నాకు పళ్ళు నూరుకోవాలనిపిస్తుంది.

అన్నట్టు, మాస్కు అనే మాట 2020లో మన మొహాల మీదికి రాకముందే తెలుగు సినిమావాళ్ళ నోట నలిగింది. ద్విపాత్రాభినయాల్లో ఇద్దరు హీరోలు ఒకే ఫ్రేములో నిలబడితే దాన్ని మాస్క్ షాట్ అనేవారు. కెమెరా కదలకుండా బిగించి, లెన్సు ముందు సగానికి నల్లటి అడ్డుపెట్టి ఒకసారి తీసి, ఫిల్మ్ వెనక్కి తిప్పి, అడ్డుని రెండోవైపుకి మార్చి మళ్ళీ తీయడం అందులో ఒక పద్ధతి. మార్కస్ బార్ట్‌లే, రవికాంత్ నగాయిచ్ లాంటివాళ్ళు కెమెరా తంత్రాలకి పేరుపడ్డ కాలం అది. 1964లో 'రాముడు భీముడు' చూసిన జనం ఇద్దరు ఎన్టీఆర్‌లని చూసి ఈలలు వేశారేగానీ వాళ్ళ మధ్య అతుకు కోసం వెతకలేదు. అలా కెమెరాలోనే మాస్కు వేసినవాళ్ళకి అది సరిగ్గా పడిందో లేదో ఫిల్ము ల్యాబులో కడిగి వచ్చేదాకా తెలిసేది కాదు. మనకి ఒక్క క్లిక్కుతో కనపడుతుంది. అయినా చూడం.

ఎలా చూడాలో చెప్తాను. లేయర్ల ప్యానెల్లో ఫోటో పక్కనే చిన్న నలుపు తెలుపు బొమ్మ ఉంటుంది కదా, ఆల్ట్ కీ పట్టుకుని (మ్యాక్ అయితే ఆప్షన్) దాని మీద నొక్కండి. ఫోటో తప్పుకుని తెర నిండా మాస్కే వస్తుంది. మొదటిసారి చూసినవాళ్ళు అదిరిపడతారు. నున్నటి తెల్లటి మనిషి ఆకారం ఉంటుందనుకున్నచోట, బుగ్గ మీద బూడిద మచ్చలుంటాయి, భుజం దగ్గర ఎలుక కొరికినట్టుంటుంది, నల్లగా ఉండాల్సిన చోట దుమ్ములా తెల్ల చుక్కలుంటాయి. బుగ్గ మీద బూడిదరంగుందంటే అక్కడ మొహం కొంచెం పారదర్శకమైపోయిందన్నమాట. తెల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద తెలియదు. ప్రింటు షాపతను వెనకాల నీలం రంగు వేసినప్పుడు బయటపడుతుంది, కానీ అప్పటికి ఫ్రేము కట్టేసి ఉంటారు.

ఆల్ట్ బదులు షిఫ్ట్ పట్టుకుని నొక్కితే మాస్కు తాత్కాలికంగా పక్కకి పోయి అసలు ఫోటో అంతా కనపడుతుంది. బ్యాక్‌స్లాష్ కీ నొక్కితే దాచిన భాగమంతా పల్చటి ఎర్రరంగు కప్పుకుంటుంది. ఈ ఎరుపు అడోబీవాళ్ళు ముచ్చటపడి పెట్టింది కాదు. ప్రింటింగ్ ప్రెస్సుల్లో రూబీలిత్ అని ఎర్రటి ఫిల్ము ఉండేది. అక్కడ వాడే ఆర్థోక్రొమాటిక్ ఫిల్ముకి ఎరుపు కనపడదు కాబట్టి దాన్ని బ్లేడుతో కోసి మాస్కులు చేసేవారు. 1971లో వచ్చిన ఇంటెల్ 4004 చిప్పు నమూనాలు కూడా రూబీలిత్ మీద చేత్తో కోసినవే. సిలికాన్ వ్యాలీలో జీతం తీసుకుంటున్న మనలో చాలామంది అన్నం ఆ ఎర్ర ఫిల్ములోంచి వచ్చిందే. కాకపోతే మన అమ్మలు కట్టుకున్నది ఎర్ర పట్టుచీరయితే ఈ ఎరుపు అడ్డం తిరుగుతుంది. మాస్కు మీద రైట్ క్లిక్ చేసి, ఆప్షన్స్‌లోకి వెళ్ళి రంగు ఆకుపచ్చకి మార్చుకోండి.

గింప్ వాడేవాళ్ళకీ ఇదంతా ఉంది, పైసా ఖర్చు లేకుండా. అక్కడ ఆల్ట్ క్లిక్‌తో మాస్కు కనపడుతుంది, కంట్రోల్ క్లిక్‌తో పక్కకి పోతుంది.

ఇప్పుడు అసలు సంగతి. మొన్నామధ్య ఇక్కడే డోహర్టీ వ్యాలీలో ఉండే ఒకావిడ వాళ్ళమ్మగారి ఫోటో పంపారు. సున్నం వేసిన గోడ ముందు నిలబడ్డ ఏడుగురిలో ఆవిడ మూడో మనిషి. సిగలో మల్లెపూలు. ఒక్క క్లిక్కుతో మనిషిని ఎంచే సెలెక్ట్ సబ్జెక్ట్ అనే బటన్ 2018 నుంచీ ఉంది. నొక్కాను. ఫలితం చూస్తే బ్రహ్మాండంగా ఉంది. పెద్దావిడ, చక్కటి ముడి, ఎక్కడా వంక పెట్టడానికి లేదు. మాస్కు తెరిస్తే ముడి పక్కన నల్లటి గుంట. తెల్ల గోడ ముందున్న తెల్ల పూలని సాఫ్ట్‌వేర్ గోడ కింద లెక్కేసి దాచేసింది. ఆవిడని ఎరగని ఎవరికీ ఆ ఫోటోలో లోపం కనపడదు, ఎందుకంటే పూలు లేని ముడి కూడా ముడే. నా వాదనంతా ఇదే. ఫలితం చూస్తే ఏం మిగిలిందో తెలుస్తుంది, ఏం పోయిందో మాస్కు చూస్తేనే తెలుస్తుంది.

ఇలాంటప్పుడు ఏ వ్యూలో చూస్తున్నామన్నది చాలా ముఖ్యం. సెలెక్ట్ అండ్ మాస్క్‌లోకి వెళ్తే ఎఫ్ నొక్కిన కొద్దీ వ్యూలు మారుతుంటాయి. తెల్ల పూలు, నెరిసిన జుట్టు ఉంటే నల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద చూడాలి. నల్ల జడకి తెల్లది. చాలామంది మొదట వచ్చిన వ్యూలోనే మొదలెట్టి అందులోనే ముగిస్తారు.

సరిచేయడం గురించి కూడా నాకో ఫిర్యాదుంది. అక్కడ ఫెదర్, కాంట్రాస్ట్, షిఫ్ట్ ఎడ్జ్ అని స్లైడర్లుంటాయి. అవి బొమ్మ మొత్తానికీ ఒకేలా పనిచేస్తాయి. చీర అంచు కత్తిలా ఉండాలి, ముంగురులు మెత్తగా ఉండాలి; రెండిటికీ ఒకే ఫెదర్ ఎలా కుదురుతుంది? జుట్టు కోసం పెంచితే భుజం మంచులో తడిసినట్టవుతుంది. చుట్టూ గోడ తాలూకు తెల్ల గీత కనపడుతోందని షిఫ్ట్ ఎడ్జ్‌ని మైనస్‌లోకి లాగేస్తే గీతతోపాటు చెవిదుద్దు కూడా పోతుంది. డీకంటామినేట్ కలర్స్ అయితే పక్కనున్న రంగు తెచ్చి అంచుకి పూస్తుంది, అంటే మల్లెపూలకి జుట్టు నలుపు అంటుతుంది. అందుకే జుట్టుకి రిఫైన్ ఎడ్జ్ బ్రష్, మిగతా ఒళ్ళంతా మామూలు బ్రష్‌తో చేత్తో. మాస్కు మీద బ్రష్‌ని ఓవర్‌లే మోడ్‌లో పెట్టి తెలుపు పూస్తే బూడిదరంగు తెల్లబడుతుంది, చిక్కటి నలుపు అలాగే ఉంటుంది. మొహం మీది మచ్చలు దాంతోనే పోతాయి. ఆ మల్లెపూలు మాత్రం జూమ్ చేసి ఒక్కొక్కటీ పూశాను, గంటన్నర పట్టింది.

పూలయ్యాక ఇంకో పేచీ వచ్చింది. ఆవిడ భుజం మీద ఒక చెయ్యుంది. పక్కన నిలబడ్డ తోటికోడలిది, మోచేతి దాకా ఆకుపచ్చ గాజులు. మనిషిని మాస్కులో దాచేశాక చెయ్యి ఒక్కటీ మిగిలింది. తెనాలి నుంచి పెద్దమామయ్యగారు కుటుంబం వాట్సాప్ గ్రూపులో, "దండ వేసే ఫోటోలో ఎవరిదో చెయ్యేమిటి అమ్మాయ్, తీసేయించు" అన్నారు. ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. తీసేయడం ఇప్పుడు క్షణం పని, జెనరేటివ్ ఫిల్ అనే బటన్ ఉంది. కానీ ఆ చెయ్యి కింద చీర ఎలా ఉందో ఫోటోలో లేదు, ఎవరికీ తెలీదు. సాఫ్ట్‌వేర్ ఏదో ఒక చీర అల్లి అక్కడ పెడుతుంది. మాస్కు ఉన్నదాన్ని దాస్తుంది, ఇది లేనిదాన్ని పుట్టిస్తుంది. రెండూ ఒకే మెనూ బారు కింద ఉన్నాయి కదా అని రెండూ ఒకటే అనుకోవడం నాకు మింగుడు పడదు. ఆకాశం పూడ్చడానికి వాడుకోండి, గోడ మీద పగుళ్ళకి వాడుకోండి. పోయిన మనిషి ఒంటి మీద వద్దంటాను.

ఆవిడకి ఇదే చెప్పాను. ఆవిడ కాసేపు ఆలోచించి, "ఉంచెయ్యండి, ఆ పిన్ని ఇంకా ఆ ఇంట్లోనే ఉంది" అన్నారు. మామయ్యగారు రెండు రోజులు గ్రూపులో మాట్లాడలేదట.

ఎవరిచేతైనా ఇలాంటి పని చేయించుకునేవాళ్ళకి ఒక మాట. చేతికొచ్చిన జేపెగ్‌తో సరిపెట్టుకోకండి, జేపెగ్‌లో లేయర్లూ ఉండవు, మాస్కులూ ఉండవు. పీఎస్‌డీ గానీ లేయర్లతో ఉన్న టిఫ్ గానీ అడిగి తీసుకోండి. ఫోటోలా వాట్సాప్‌లో పంపొద్దని, డ్రైవ్‌లో పెట్టి లింకు ఇమ్మని చెప్పండి. స్టూడియోవాళ్ళు ఇవ్వం అంటే కనీసం మీరిచ్చిన అసలు స్కాను మీదే సేవ్ చేయొద్దని చెప్పి, దాని కాపీ ఒకటి ముందే మీ దగ్గర పెట్టుకోండి. ఆల్బమ్‌లోని ప్రింటుని మాత్రం కత్తెర పట్టుకున్న ఏ చుట్టానికీ ఇవ్వకండి.