చట్టానికీ రెండు గ్లాసులే

1991 జూలై 24న ఢిల్లీలో కొత్త పారిశ్రామిక విధానం ప్రకటించారు. విదేశీ పెట్టుబడికి తలుపులు బార్లా తీశారు. అప్పుడు ప్రధాని మన తెలుగాయనే, పి.వి. నరసింహారావు. సరిగ్గా పదమూడు రోజులకు, ఆగస్టు 6న, గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని నరికి చంపారు. శవాల్ని గోతాల్లో కుక్కి కాలవలో పారేశారు.

ఒకటి వ్యాపారం, ఇంకోటి హత్యాకాండ, రెంటికీ ఏం సంబంధమని అడిగేవాళ్లు ఉంటారు. ఉంది. ఆనాటి నుంచి ఈ దేశంలో చట్టం ఎవరి కోసం పరుగెత్తిందో, ఎవరి గుమ్మం ముందు కూలబడిందో లెక్క తీస్తే ఆ సంబంధం తెలుస్తుంది. ఆ లెక్కే ఇక్కడ తీస్తున్నాం.

ముందు పరుగెత్తిన చట్టం సంగతి. 1973 నాటి ఫెరా చట్టం ప్రకారం చాలా రంగాల్లో విదేశీ వాటా 40 శాతం దాటకూడదు. అది నచ్చక 1977లో కోకాకోలా, 1978లో ఐబీఎం మూట సర్దుకుని పోయాయి. 1991లో ఏం చేశారు? 34 పరిశ్రమల్లో 51 శాతం దాకా దానంతటదే అనుమతి అన్నారు. 1996లో ఆర్బిట్రేషన్ చట్టం తెచ్చారు. 1999లో ఫెరాను ఎత్తేసి ఫెమా చేశారు. ఫెరా కింద తప్పు చేస్తే జైలు భయం ఉండేది, ఫెమా కింద మామూలుగా జరిమానాతో సరి. 2005లో సెజ్ చట్టం. 2015లో వాణిజ్య కోర్టుల చట్టం. పెట్టుబడి అడగడమే ఆలస్యం, పార్లమెంటు పీట వేసింది.

ఇవి పైకి కనపడేవి. కనపడనివి ఇంకో రకం ఉన్నాయి: దేశానికీ దేశానికీ మధ్య రాసుకున్న పెట్టుబడి రక్షణ ఒప్పందాలు. 1994లో బ్రిటన్‌తో మొదలుపెట్టి ఎనభైకి పైగా దేశాలతో సంతకాలు చేశారు. మన ఓటర్లలో ఎంతమందికి ఈ సంగతి తెలుసు? వాటి ప్రకారం విదేశీ కంపెనీ తనకు అన్యాయం జరిగిందనుకుంటే మన ప్రభుత్వాన్నే నేరుగా అంతర్జాతీయ మధ్యవర్తుల ముందుకు ఈడ్చవచ్చు.

ఒక కంపెనీ ఈడ్చింది కూడా. ఆస్ట్రేలియాకు చెందిన వైట్ ఇండస్ట్రీస్ 1989లో కోల్ ఇండియాతో పిపర్వార్ బొగ్గు గని పనికి ఒప్పందం చేసుకుంది. తగాదా వచ్చి, 2002లో మధ్యవర్తులు కంపెనీకి దాదాపు 40 లక్షల ఆస్ట్రేలియా డాలర్లు ఇవ్వమన్నారు. ఆ తీర్పు మన కోర్టుల్లో చిక్కుకుంది. కలకత్తా హైకోర్టు, ఢిల్లీ హైకోర్టు, సుప్రీంకోర్టు, వాయిదా మీద వాయిదా. 2010లో కంపెనీ భారత ప్రభుత్వం మీదనే కేసు వేసింది. 2011 నవంబరులో తీర్పొచ్చింది: తొమ్మిదేళ్లు తిప్పడమంటే హక్కు రాబట్టుకునే సరైన దారి లేకుండా చేయడమే, వడ్డీతో సహా డబ్బు కట్టమన్నారు. తమాషా ఏంటంటే, సరైన దారి చూపాలన్న మాట ఆస్ట్రేలియా ఒప్పందంలో లేనే లేదు. కువైట్ ఒప్పందంలో ఉంది. ఒక దేశం పెట్టుబడికి ఇచ్చిన మర్యాద మా దేశపు పెట్టుబడికీ ఇవ్వాలన్న షరతు చూపించి దాన్ని అక్కణ్ణించి తెచ్చుకున్నారు.

ఇప్పుడు కూలబడిన చట్టం సంగతి చూద్దాం. అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది. త్వరగా విచారించడానికి ప్రత్యేక కోర్టులని అందులోనే రాశారు. చుండూరు బాధితులు కొట్లాడి, కోర్టును తమ ఊరికే తెప్పించుకున్నారు. అయినా తీర్పు వచ్చింది ఎప్పుడు? 2007 జూలై 31న. పదహారేళ్లు! 21 మందికి యావజ్జీవం వేస్తే, 2014లో హైకోర్టు ఆ శిక్షలన్నీ కొట్టేసింది. బాధితులు మళ్లీ సుప్రీంకోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. అంతకుముందు కారంచేడు. 1985లో ఆరుగుర్ని చంపితే సుప్రీంకోర్టు తీర్పు 2008లో. ఇరవై మూడేళ్లు!

బొగ్గు గని డబ్బుకు తొమ్మిదేళ్ల ఆలస్యం నేరమైంది. ప్రాణాలకు ఇరవై మూడేళ్ల ఆలస్యం నేరం కాలేదు. మనం ఏ మధ్యవర్తుల దగ్గరకు పోవాలి? మన తరఫున ఏ కువైట్ ఒప్పందం చూపించాలి?

హోటల్లో రెండు గ్లాసులు పెడితే నేరమని చట్టం రాశారు. ఆ చట్టానికే రెండు గ్లాసులు పెట్టారు. ఒకటి కడిగి బల్ల మీద పెట్టేది, ఇంకోటి చూరులో దోపేది.

భూమి దగ్గరా ఇదే వరస. విదేశీ పెట్టుబడిదారు ఆస్తి తీసుకుంటే జాప్యం లేకుండా మార్కెట్ విలువ ఇవ్వాలని ఒప్పందాల్లో రాశారు. మనకిచ్చిన అసైన్డ్ పట్టాలో? సర్కారుకు అవసరమైతే పరిహారం లేకుండా తిరిగి తీసుకోవచ్చని రాశారు. ఆ షరతు చెల్లదని, పట్టా భూముల వాళ్లతో సమానంగా మార్కెట్ విలువ కట్టాలని 2004లో మన హైకోర్టు ధర్మాసనం తేల్చింది. తహసీల్దారు వచ్చి "ఇది సర్కారు భూమిరా" అంటే నోరెత్తకుండా వేలిముద్ర వేసేవాళ్లు ఇంకా ఉన్నారు. ఈ తీర్పు ప్రతి పల్లెలో చదివి వినిపించాలి.

విదేశీ కంపెనీకి న్యాయం జరక్కూడదా అని కొందరు మేధావులు అడుగుతారు. జరగాలి. తీర్పు ఎవరికి ఆలస్యమైనా అన్యాయమే. అదే కొలత మనకెందుకు లేదన్నదే మా ప్రశ్న. దెబ్బ తగిలాక సర్కారుకూ నొప్పి తెలిసింది. 2016 నుంచి పాత ఒప్పందాలు చాలావాటిని రద్దు చేసుకుంటూ వచ్చింది. ముందు ఐదేళ్లు మా కోర్టుల్లో తిరిగి రండని కొత్త నమూనాలో రాసుకుంది. యూఏఈ ఒప్పందం 2024లో అమల్లోకి వచ్చేసరికి ఆ ఐదేళ్లను మూడుకు దించింది. పెట్టుబడిని మూడేళ్లు ఆగమనడానికి ఇంత ఆలోచన! మనల్ని ఇరవై ఏళ్లు ఆపడానికి ఎవరూ ఆలోచించలేదు.

2015లో వాణిజ్య కోర్టుల చట్టంతోపాటే అత్యాచారాల చట్టానికీ సవరణ చేశారు. ఛార్జిషీటు వేసిన రెండు నెలల్లో వీలైనంతవరకు విచారణ ముగించాలన్నారు. వాణిజ్య కోర్టులో 120 రోజుల్లో జవాబు దాఖలు చేయకపోతే ప్రతివాదికి ఆ హక్కే పోతుంది. మన కేసులో "వీలైనంతవరకు" అన్న ఒక్క మాట చాలు, రెండు నెలలు ఇరవై ఏళ్లవుతాయి.

బాబాసాహెబ్ 32వ అధికరణాన్ని రాజ్యాంగానికి గుండెకాయ అన్నది ఊరికే కాదు. హక్కు రాస్తే సరిపోదు, అది చేతికందే దారి ఉండాలని ఆయనకు తెలుసు. పెట్టుబడికి ఆ దారి సిమెంటు రోడ్డు చేశారు. మనది ఇంకా డొంకదారే.

అందుకని సంఘాల కార్యకర్తలకు మా మాట ఒకటే. ప్రతి పల్లెలో ఒక పుస్తకం పెట్టండి. ఎఫ్‌ఐఆర్ ఎప్పుడు, ఛార్జిషీటు ఎప్పుడు, వాయిదాలెన్ని, తేదీలతో రాయండి. కలెక్టర్ అధ్యక్షతన జిల్లా విజిలెన్స్ కమిటీ మూడు నెలలకోసారి కూర్చోవాలని రూల్సులో ఉంది. కూర్చోకపోతే ఆ తేదీ కూడా రాయండి. కంపెనీ రోజులు లెక్కపెట్టింది కాబట్టే గెలిచింది. మనమూ లెక్కపెడదాం. ఆ పుస్తకం పట్టుకుని కలెక్టరాఫీసు ముందు కూర్చుందాం.