ఈసీజీలో కనబడని దెబ్బ

పోయిన మంగళవారం పంజగుట్టలో ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌లో గంటన్నర కూర్చోవాల్సి వచ్చింది. పక్క కుర్చీలో ముప్పై దాటని అమ్మాయి, ఒళ్లో లావుపాటి ఫైలు. ఈసీజీ నార్మల్, థైరాయిడ్ నార్మల్, షుగర్ నార్మల్. అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్ రిసెప్షన్‌లో ఉద్యోగమట. “ఏడు నెలల సంది నిద్ర పడతలేదక్కా. రాత్రి రెండింటికి లేస్తే గుండె దడదడ కొట్టుకుంటది” అంది. ఏడు నెలల కింద ఏమైందమ్మా అన్నాను. చాలాసేపు ఫైలు అంచులు సర్దుతూ ఉండిపోయింది. భర్త ఫోన్‌లో ఇంకొకామె మెసేజ్‌లు చూసిందట. ముగ్గురు డాక్టర్లు మారారు, ఒక్కరూ ఆ మాట అడగలేదట.

ఆ రోజు నుంచి నాకు కోపం దిగడం లేదు.

పెళ్లిరోజుకు శ్రీశైలం వెళ్లినప్పుడు దిగిన ఫొటోలు రోజూ తీసి చూస్తుందట. అప్పటికే మొదలైందా, పక్కన నిలబడి నవ్విన ఆ నవ్వు నిజమేనా అని. నమ్మకద్రోహం చేసే అసలు నష్టం ఇదే. గడిచిపోయిన రోజుల్ని కూడా తవ్వి పాడుచేస్తుంది. ఏడేళ్ల కాపురంలో ఏ రోజు నిజమో, ఏ రోజు నటనో తేల్చుకోవడానికి మనసు రాత్రంతా కూలిపని చేస్తుంటే కంటి మీదికి కునుకెలా వస్తుంది?

తల్లికి చెప్పుకుందట. “ఇల్లు నడుస్తుంది గదా బిడ్డా, పిల్లల మొకం జూసి ఊకో” అందట ఆ తల్లి. ఆమెను తప్పుపట్టలేను, ఆమెకు ఆమె తల్లి చెప్పిన మాట కూడా అదే అయి ఉంటుంది.

నా కోపం మన మీద, పత్రికల వాళ్ల మీద. ‘వివాహేతర సంబంధం’ అన్న మాట మనకు క్రైమ్ పేజీలోనే గుర్తొస్తుంది. 2017లో నాగర్‌కర్నూలు హత్య కేసు జరిగి ఇన్నేళ్లయినా, ఆ కేసు గుట్టు విప్పిన మటన్ సూప్ సంగతి మాత్రం రెండు రాష్ట్రాల్లో ఎవర్ని అడిగినా చెబుతారు. కత్తి దిగితేనే మనకు వార్త. ఎవరినీ చంపకుండా, తనూ చావకుండా, పొద్దున్నే లేచి పిల్లలకు బాక్సు కట్టి మెట్రో ఎక్కే మనిషి లోపల ఏమవుతోందో రాయడానికి మనకు కాలమ్ లేదు.

సినిమాల సంగతి నేను చాలాసార్లు రాశాను, మళ్లీ రాస్తాను. 1996లో వచ్చిన ‘ఇంట్లో ఇల్లాలు వంటింట్లో ప్రియురాలు’ పేరులోనే అంతా ఉంది. ఇద్దరాడవాళ్ల మధ్య దొరికిపోకుండా పరుగెత్తే మగాడిని చూసి మూడు తరాలు పొట్ట చెక్కలయ్యేలా నవ్వాయి. అంతకుముందు మాత్రం? మన ఆధునిక కథకు మొదలని చెప్పుకునే గురజాడ ‘దిద్దుబాటు’ 1910లో వచ్చింది. సానిపాట మోజులో అర్ధరాత్రి ఇల్లు చేరే భర్తకు భార్య కమలిని ఉత్తరం రాసిపెట్టి, చదువుతో, చమత్కారంతో బుద్ధి చెబుతుంది. గొప్ప కథే. కానీ ఆ ఉత్తరం రాసేముందు కమలిని ఎన్ని రాత్రులు తలుపు వైపు చూస్తూ కూర్చుందో కథలో లేదు. ‘ఆడది తిరిగి చెడింది, మగాడు తిరక్క చెడ్డాడు’ అనే సామెతను పోషించుకున్న జాతికి ఆ రాత్రులు కనబడవు.

చట్టంలోనూ మోసపోయిన భార్య ఎప్పుడూ లేదు. వివాహేతర సంబంధాన్ని నేరంగా చూసిన 497 సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 27న కొట్టేసినప్పుడు, కాపురాలు కూలిపోతాయని గోల చేసిన పెద్దమనుషులకు ఒకటి తెలియాలి. 1860 నాటి ఆ సెక్షన్ కింద ఫిర్యాదు హక్కు భర్తకే ఉండేది. దారితప్పిన భర్త మీద కేసు పెట్టే వీలు భార్యకు ఏనాడూ లేదు. పోయిందే మంచిదైంది. అక్రమ సంబంధం విడాకులకు కారణంగా ఇప్పటికీ ఉంది, అది చాలు. కోర్టు విడాకులిస్తుంది, నిద్ర ఇవ్వదు.

2000లో అమెరికాలో కానో, ఓలియరీ అనే ఇద్దరు పరిశోధకులు భర్త మోసం, వదిలేస్తానన్న బెదిరింపు లాంటి అవమానాలు పడిన స్త్రీలను పరిశీలించారు. కాపురంలో అంతే కలతలున్నా ఆ అవమానం పడనివాళ్లతో పోలిస్తే, తీవ్రమైన డిప్రెషన్ వీళ్లలో ఆరు రెట్లు ఎక్కువ. తక్కువమందితో చేసిన అధ్యయనమే. నాకు మాత్రం ఆ కుర్చీలో కూర్చున్న ఒక్కరే సరిపోయారు. మన జాతీయ నేర గణాంకాల సంస్థ 2022లో నమోదు చేసిన ఆత్మహత్యలు 1,70,924. వాటిలో 31.7 శాతం ‘కుటుంబ సమస్యలు’ అన్న ఖాతాలో పడ్డాయి. ఆ ఖాతా విప్పితే ఇలాంటి రాత్రులు ఎన్ని బయటపడతాయో! మగవాళ్లవీ ఉంటాయి. భార్య చేతిలో మోసపోయినవాడు నోరు విప్పితే చేతకానివాడంటారు కనుక వాడు విప్పడు.

మానసిక వైద్యుణ్ణి కలవమ్మా అన్నాను ఆ అమ్మాయితో. ఆమె బిత్తరపోయింది. “ఎర్రగడ్డకా?”

ఆ ఒక్క మాటకు నేను సిగ్గుపడ్డాను. అమీర్‌పేట నుంచి ఎర్రగడ్డ మెట్రోలో మూడో స్టేషను. అక్కడున్నది ప్రభుత్వ మానసిక వైద్యశాల, వేలమందికి మందులిచ్చి ఇళ్లకు పంపిన ఆసుపత్రి. దాని పేరును ఈ నగరం తిట్టుగా మార్చుకుంది. ఆఫీసుల్లో, ఆటోల్లో, సినిమా డైలాగుల్లో ‘ఎర్రగడ్డలో వెయ్యాలి’ అని అలవోకగా అనేస్తాం. అలా అన్న ప్రతిసారీ ఒక జబ్బుమనిషి ముందు తలుపు వేసినట్టే. అందుకే గుండె ఆసుపత్రుల చుట్టూ తిరుగుతున్నారు, ఈసీజీలు తీయించుకుంటున్నారు. ఆ పేరును తిట్టుగా వాడటం మానరా?

మానసిక సహాయానికి ప్రభుత్వం పెట్టిన టెలిమానస్ ఫోన్ నంబరు 14416 చెప్పాను. 2022 అక్టోబరులో మొదలైంది, ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు. ఫోన్ తీసి ఎక్కించుకుంది. పేరు దగ్గర ఆగింది. అత్తగారు ఫోన్ చూస్తుందట. కాసేపు ఆలోచించి ‘గ్యాస్ బుకింగ్’ అని రాసుకుంది.