దివి నేల గుణమెరుగక కౌలు పత్రము వ్రాయకుడు

అమీర్‌పేటలో పాత ఇల్లు పడగొట్టి కొత్త కట్టడమునకు పునాది త్రవ్వుచుండగా మీరు చూచియే యుందురు. పైన కొద్దిపాటి ఎర్రమట్టి, దాని క్రింద మొరము, ఇంకను క్రిందికి పోయిన గ్రానైటు రాయి. ఆ రాయి చివికి ఏర్పడినదే ఇక్కడి ఎర్ర చల్క నేల. ఇది తేలిక నేల. కురిసిన వాన త్వరగా ఇంకిపోవును, దానితోపాటు కరిగిన ఉప్పు కూడ సాధారణముగా దిగిపోవును. అనేక సంవత్సరములుగా ఈ మట్టినే చూచుచున్నవారికి నేల యన్న ఇట్లే యుండునని తోచుట సహజము.

ఈ వీధుల వసతిగృహములలో ఉండి, కంప్యూటరు చదువులు నేర్చి, ఉద్యోగములలో కుదురుకొన్నవారిలో కోస్తా జిల్లాల రైతుబిడ్డలు అనేకులు కలరు. 2014లో రాష్ట్రములు రెండైనను, తల్లిదండ్రుల పొలముపై వారి హక్కు అట్లే యున్నది. వారిలో కృష్ణా జిల్లా దివిసీమలో రెండెకరములో మూడెకరములో మాగాణి గలవారిని ఉద్దేశించి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను. ఒకనాడు ఊరినుండి నాన్నగారి ఫోను వచ్చును. "అబ్బాయీ, మన పొలం రొయ్యల చెరువుకి అడుగుతున్నారు. వరి కౌలు కంటే బాగా ఎక్కువే ఇస్తారట. ఏమంటావు?" మీరు పనిలో ఉందురు. "మీ ఇష్టం నాన్నా, ఇచ్చేయండి" అని చెప్పుదురు. ఆ మాట అనుటకు ముందు ఆ నేల ఎట్టిదో తెలిసికొనవలెనని నా మనవి.

దివి యనగా దీవి. పులిగడ్డ వద్ద కృష్ణానది రెండు పాయలగును. ఆ పాయలకును బంగాళాఖాతమునకును నడుమ అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు ప్రాంతములున్నవి. మహాబలేశ్వరము వద్ద పుట్టిన కృష్ణ దక్కను పీఠభూమి నల్లరాతి సీమలనుండి తెచ్చిన ఒండ్రు పేరుకొని ఈ నేల ఏర్పడినది. అందుచేత ఇది బరువైన నల్ల బంకమట్టి. తడిసిన ఉబ్బును, ఎండిన నెఱ్ఱెలు విచ్చును. సముద్రము దరిని ఇసుక మేటలు కలవు. భూమి సముద్రమట్టమునకు ఎక్కువ ఎత్తున లేదు.

ఇట్టి నేలకు ముఖ్యమైన గుణములు మూడు. మొదటిది, బంకమట్టి సత్తువను పట్టి యుంచినట్లే ఉప్పును కూడ పట్టి యుంచును. ఒకసారి చేరిన ఉప్పు తేలికగా వదలదు. రెండవది, భూగర్భజలము పైకే యుండును, పెక్కుచోట్ల అది ఉప్పునీరే. వేసవిలో పైతడి ఆరినకొలది దీపపు వత్తి నూనెను పీల్చినట్లు మట్టి క్రిందినీటిని పైకి పీల్చును. నీరు ఆవిరియై పోగా ఉప్పు పైన తెల్లగా నిలుచును. మూడవది ఇసుక మేటల సంగతి. అచ్చట వాననీరు తీపిపొరగా ఉప్పునీటిపై తేలియుండును. తీపినీటి మట్టము ఒక అడుగు తగ్గినచో, క్రింది ఉప్పునీరు సుమారు 40 అడుగుల వరకు పైకి లేవగలదని శాస్త్రపు లెక్క. బోరు వేసి విడువక తోడువారు ఈ లెక్కను మరువరాదు.

మరి ఇన్నాళ్లు ఈ దీవిలో వరి ఎట్లు పండినది? పులిగడ్డ అక్విడక్టు మీదుగా వచ్చు కృష్ణ కాలువ నీటివలన. సార్వాలో నెలల తరబడి మడిలో నిలిచిన తీపినీరు ఉప్పును వేళ్లకు అందనంత లోతునకు అణచి యుంచును. కావున ఇక్కడ వరిమడి ధాన్యము నిచ్చుట మాత్రమే కాక, ఊరి నేలను కాపాడు పని కూడ చేయుచున్నది. ఈ రెండవ పనికి ఎవరును వెల కట్టలేదు. కౌలు బేరములో అది లెక్కకు రాదు. నా వాదమంతయు ఇచ్చటనే యున్నది.

ఇప్పుడు చెరువు లెక్క చూడుడు. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పుండును. రొయ్యల చెరువులో అంత లేక, లీటరుకు 10 గ్రాములే యున్నదనుకొందము. ఎకరము చెరువులో 4 అడుగుల నీరు నిలిపినచో, అందులోని ఉప్పు సుమారు 49 టన్నులు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో సముద్రము సొర్లగొంది మొదలైన గ్రామములను ముంచివేసినది, పదివేలకు పైగా ప్రాణములు పోయినవి. ఆ ఘోరమునకు దేనిని పోల్చరాదు. నేల విషయము మాత్రము చెప్పవలెనన్న, ఉప్పెన ఒకసారి వచ్చి పోయినది. చెరువులోనికి ఉప్పునీరు పంట పంటకును వచ్చును.

ఆ నీరు మీ గట్టులోపలనే యుండునా? బరువైన బంకమట్టిలో ఊట నెమ్మదిగానే సాగునన్న మాట నిజమే. కాని నెఱ్ఱెలున్నచోట, క్రింద ఇసుకపొర తగిలినచోట అది ప్రక్క పొలమునకు దారి చేసికొనును. అంతకంటె ముఖ్యమైనది పంట పట్టిన పిమ్మట చెరువునీటిని ఊరి మురుగుకాలువలోనికి వదలుట. కాలువనీరు అందని ఆయకట్టు చివరి రైతు ఆ మురుగునీటినే ఇంజను పెట్టి తోడుకొనును. మీ కౌలు సొమ్ము మీకు చేరును. మీ ఉప్పు అతని మడికి చేరును.

ఉప్పు ఎంతైన పైరునకు హాని? మట్టిపరీక్ష పత్రములో 'ఇ.సి.' యని వ్రాయు అంకె కరిగిన ఉప్పును తెలుపును. నీటితో పూర్తిగా నానిన మట్టినుండి తీసిన ద్రవములో అది 3 దాటినప్పటినుండి వరి దిగుబడి తగ్గ నారంభించును. 7 దాటిన సుమారు సగము పోవును. వరి వెనుక చల్లు మినుము ఉప్పునకు ఇంకను ఓర్వలేదు. ఒక హెచ్చరిక: మన పరీక్షాలయములు తరచుగా మట్టిలో ఎక్కువ నీరు కలిపి చూచును గనుక అచ్చటి అంకె తక్కువగా కనబడును. ఏ పద్ధతిని చూచినారో అడిగి తెలిసికొనుడు.

"కౌలు గడువు తీరినాక చెరువు పూడ్చి మరల వరి వేయవచ్చును గదా" అని కొందరందురు. వేయవచ్చును, కాని ఊరక కాదు. ఒక అడుగు లోతు మట్టిలోని ఉప్పులో సుమారు 80 పాళ్లు కడిగివేయుటకు ఒక అడుగు తీపినీరు మట్టిగుండా దిగవలెనని మోటులెక్క. బంకమట్టికి ఇంకను ఎక్కువే పట్టును. దిగిన నీరు బయటికి పోవుటకు లోతైన మురుగు దారి యుండవలెను. లేనిచో ఉప్పు అచ్చటనే తిరుగాడును. ఉప్పు కరిగి యున్నంతవరకు అది పాలచౌడు. ఉప్పు పోయి సోడియము మాత్రము బంకను పట్టుకొని మిగిలినచో అది కారుచౌడగును. మట్టి మెత్తగా చెదరి, నీరు ఇంకక, ఎండిన రాయివలె బిగియును. అప్పుడు పరీక్ష ననుసరించి జిప్సము వేయవలెను, జీలుగ పెంచి కలియదున్నవలెను. ఈ ఖర్చు ఎవరిదో మీ కౌలు పత్రములో వ్రాసి యున్నదా?

రొయ్యల సాగు చెడ్డదని నేననుట లేదు. ఏరుల దరిని, వరికి ఎన్నడును పనికిరాని చవిటి భూములలో అది తగిన వృత్తియే. ఎన్నో కుటుంబములు దానివలన నిలబడినవి. వరిలో మిగులు తక్కువన్న మాటయు నిజమే; మీ తల్లిదండ్రులను అందుకు తప్పు పట్టలేము. కాని ఆయకట్టు నడుమ ఉప్పునీటి చెరువు వేరు సంగతి. వ్యవసాయ భూములను రొయ్యల చెరువులుగా మార్చరాదని సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 11న తీర్పు చెప్పినది. 2005లో పార్లమెంటు చట్టము చేసి తీరప్రాంత ఆక్వాకల్చరు అథారిటీని ఏర్పరచినది. తీరమున ఉప్పునీటి చెరువులకు రిజిస్ట్రేషను ఉండవలెను. అడుగువారికి అది కలదా యని కాగితము చూపుమనుట మీ హక్కు.

కావున మీరు చేయదగిన పనులు ఇవి. కౌలునకు ముందు, గడువు తీరిన వెంటనే, రెండుమార్లు మట్టి పరీక్ష చేయించుడు. పైమట్టి మాత్రమే చాలదు. అరడుగు చొప్పున మూడడుగుల లోతువరకు వేర్వేరుగా నమూనాలు తీయించుడు. నేలను మొదటి స్థితికి తెచ్చు ఖర్చు కౌలుదారుదేనని పత్రములో వ్రాయించుడు. చెరువు చుట్టును ఊటకాలువ ఉన్నదా, వదలిన నీరు ఎచ్చటికి పోవును అని అడుగుడు. అన్నిటికంటె ముందుగా గట్టు పంచుకొన్న నలుగురు రైతులను, ఇన్నాళ్లు మీ పొలము వరికి చేసిన కౌలు రైతును అడుగుడు. వారు వద్దన్నచో మీరును వద్దనుడు. పొలము మీదే కావచ్చును, దాని క్రింది నీరు ఊరందరిది.

సంక్రాంతికి ఊరు పోవువారు మే నెలలో కూడ ఒక్కరోజు పోయి రండు. మధ్యాహ్నపుటెండలో మీ గట్టుపై నిలిచి ప్రక్క పొలమును చూడుడు. తెల్లపొర ఎంతవరకు వచ్చినదో కంటికే కనబడును. చూచిన పిమ్మట నాన్నగారికి జవాబు చెప్పుడు.