సైలెన్సరు మీద బూటు మచ్చ

కాలేజీ సైకిల్ స్టాండుకు పేరు మాత్రమే మిగిలింది. వెతికితే గాని సైకిలు దొరకదు, అన్నీ మోటారు సైకిళ్ళే. ఆ వరుస పక్కన ఒకసారి నడిచి చూడండి. అద్దంలా తుడిచిన ట్యాంకు కింద, సైలెన్సరు మీద నల్లగా మాడిన మచ్చ తప్పక కనపడుతుంది. అది వెనక కూర్చున్న మిత్రుని బూటు ముద్ర. "ఏమైతది, గరుకు కాయితంతో రుద్దితే పోతది" అంటారు మనవాళ్ళు. పోతుంది నిజమే, దానితోపాటు క్రోమియం పూతా పోతుంది. వానాకాలం వచ్చేసరికి అక్కడ తుప్పు లేస్తుంది.

అసలా మచ్చ ఎందుకు పడుతుంది? మన ప్రాంతం వారికి ఇది కొత్త పాఠమేమీ కాదు. మానేరుకు ఒక ఒడ్డున సిరిసిల్ల మరమగ్గాలు, రెండో ఒడ్డున తంగళ్ళపల్లి టెక్స్‌టైల్ పార్కు. ఇస్త్రీపెట్టె ఎక్కువ కాలితే నూలుబట్ట మాడుతుందనీ, పాలిస్టరు కరిగి అంటుకుంటుందనీ ఇక్కడి పిల్లవాడు కూడా చెబుతాడు. బూటు అడుగూ అంతే. తేలికపాటి బూట్లకు వాడే ఈవీఏ అనే ప్లాస్టిక్కు 100 డిగ్రీల లోపే మెత్తబడుతుంది. సైలెన్సరు మీద నీటిచుక్క పడి చుయ్యిమన్నదంటే, ఆ వేడి 100 దాటిందన్నమాటే. ఇంజను దగ్గరి వంపు గొట్టం ఇంకా వేడి.

బూటు కరిగితే కొత్తది కొనుక్కోవచ్చు. అదే చోట చెల్లెలి పిక్క తగిలితే? ఆ మచ్చను నేను హెచ్చరికగా చూడమంటున్నది అందుకే. ఎవరి పాదమో అక్కడిదాకా పోయిందంటే, రేపు ఎవరి చర్మమైనా పోవచ్చు.

1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలో 123వ నియమం వెనక కూర్చునేవారికి పట్టుకునే పిడి, కాలు పెట్టుకునే ఫుట్‌రెస్టు, చక్రంలో బట్టలు చిక్కకుండా అడ్డు ఉండాలన్నది. అయితే మడిచిపెట్టిన ఫుట్‌రెస్టును దించవలసింది మనమే. దించకపోతే పాపం, మిత్రుడు కాలెక్కడ పెడతాడు? సైలెన్సరు మీది రేకు కవచానికీ గొట్టానికీ మధ్య ఉన్న కొద్దిపాటి గాలే మనకు రక్ష. మోత కోసం సైలెన్సరు మార్చి, ఆ కవచాన్ని మూలన పడేయడం ఏం షోకో నాకు అర్థం కాదు. మన బండ్లలో చాలావాటికి సైలెన్సరు కుడివైపే ఉంటుంది. కనుక ఎక్కినా దిగినా ఎడమవైపు నుంచే. రెండు పక్కలా గొట్టాలున్న పాత ఎజ్డీ వంటి బండి అయితే రెండు పక్కలా జాగ్రత్తే.

మచ్చ పడనే పడితే, బండి పూర్తిగా చల్లారాక చెక్కముక్కతో మెల్లగా గీకండి. కాలు కాలితే మాత్రం ఆగకూడదు. వెంటనే 20 నిమిషాలు చల్లని నీటి ధార కింద పెట్టాలి. పళ్ళపేస్టు, సిరా పూయడం మానాలి. బొబ్బ పెద్దదైతే డాక్టరు దగ్గరికి పోవాలి.

మన విద్యార్థి సంఘానికి ఒక విన్నపం. స్టాండులో బండికీ బండికీ నడుమ మనిషి నడిచేంత జాగా విడిచి సున్నంతో గీతలు గీయించండి. వేడి గొట్టాల మధ్య నుంచి ఒదిగి ఒదిగి నడిచే బాధ అందరికీ తప్పుతుంది. దీనికి పెద్ద నిధులు అక్కరలేదు, ఒక బకెట్ సున్నం, ఒక పూట పని చాలు.